పందుల పైపు తుపాకి: ఒక యాసంగి వాడి చూశాక

చప్పుడుతో పందుల్ని తరిమే ఈ పైపు తుపాకిని అచ్చంపేటలో ఒక విత్తనాల దుకాణంలో 480 రూపాయలు పెట్టి కొన్నాను. దుకాణం పేరు రాయడం లేదు. అదే సరుకు అదే బజారులో ఇంకో మూడు నాలుగు చోట్ల గుమ్మానికి వేలాడుతోంది, ఒక్కరి మీదే పెట్టడం న్యాయం కాదు. ముందు సన్నటి తెల్ల ప్లాస్టిక్ పైపు, వెనక లావు డబ్బా, దానికి మూత, మూతలో గ్యాస్ పొయ్యి ముట్టించే లైటరు. ఇంతే వస్తువు. కొందరు కార్బైడ్ గన్ అంటారు, మా దిక్కు ఎక్కువమంది పైపు తుపాకి అంటారు. మా అత్తమ్మ మాత్రం "ఆ ఢాంఢాం కట్టె" అంటుంది. 2025 దసరా పోయిన వారానికి తెచ్చాను, సంక్రాంతి దాటిన పది రోజులకు తిరిగి ఇచ్చేశాను. మధ్యలో మూడు నెలలు మా పల్లి చేనుకు కాపలా అదే. కొనాలని చూస్తున్నవాళ్ళకు, ముఖ్యంగా ఇంటాయన పట్నంలో ఉండి పిల్లలతో చేను చూసుకునే ఆడవాళ్ళకు పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు మా సంగతి చెప్పాలి, లేకపోతే ఇదంతా ఎందుకో అర్థం కాదు. ఉమామహేశ్వరం గుట్టల కింద మాకు మూడెకరాల చెలక ఉంది. మా గట్టు మీద నిలబడితే అడవి కనిపిస్తుంది. అమ్రాబాద్ పులుల అభయారణ్యం అంటే పేపర్లో 2,611 చదరపు కిలోమీటర్లు అని వేస్తారు. మాకు మాత్రం అది పక్క చేను. పులిని నేను ఎప్పుడూ చూడలేదు. చిరుత అడుగులు రెండుసార్లు చూశాను. పందులు మాత్రం చుట్టాల్లాగా వస్తాయి. మా ఇంటాయన హైదరాబాద్‌లో సెంట్రింగ్ పని చేస్తాడు, శనివారం రాత్రి వచ్చి సోమవారం తెల్లవారుజాము బస్సుకు వెళ్ళిపోతాడు. ఇంట్లో నేను, అత్తమ్మ, ఏడో తరగతి చదివే పెద్దోడు, మూడో తరగతి చిన్నది. యాసంగి పల్లి వేశామంటే బోరు పక్కన రేకుల కొట్టంలోనే నలుగురం పడుకుంటాం.

పల్లికి పందుల బాధ రెండుసార్లు ఉంటుంది. విత్తిన వారం పది రోజుల్లో గింజ కోసం వస్తాయి. సాలు వెంట ముట్టె పెట్టి, ఎక్కడా తప్పకుండా, మనం వేసిన దారిలోనే తీసుకుంటూ పోతాయి. మళ్ళీ ఊడలు దిగి కాయ పట్టాక వస్తాయి. అప్పుడు మంద దిగిందంటే తెల్లారేసరికి పది గుంటలు, అంటే పావెకరం, కల్టివేటర్ కొట్టినట్టు ఉంటుంది. తిన్నది కొంత, తొక్కింది అంతకంటే ఎక్కువ.

తుపాకి కంటే ముందు అన్నీ అయ్యాయి. చేను చుట్టూ చీరలు కట్టాం. నా పెళ్ళి చీర ఒక్కటే మిగిలింది, మిగతావన్నీ గట్టు మీదే ఎండిపోయాయి. మంగలి షాపు నుంచి వెంట్రుకలు బస్తాడు తెచ్చి చల్లాం. అది నిజంగా కొంచెం పనిచేస్తుంది, పంది వాసన చూస్తూ తిరుగుతుంది కాబట్టి వెంట్రుకలు ముక్కులోకి పోయి చికాకు పడుతుంది. కానీ ఒక్క వాన పడితే, ఒక్క తడి పెడితే మట్టిలో కలిసిపోతాయి. తర్వాత గొంతు రికార్డు చేసి మోగించే మైకు కొన్నాం. దాంట్లో మా అత్తమ్మ గొంతే పెట్టాం, "హోయ్, హోయ్, దొంగ ముండల్లారా" అని. పదిహేను రోజులు పందులు భయపడ్డాయి. ఆ తర్వాత మైకు కిందే తవ్వాయి. నిద్ర లేక మేమే అలిసిపోయాం.

ఇక పైపు తుపాకి. ఇది ఎలా పనిచేస్తుందో కొనేటప్పుడు ఎవరూ సరిగ్గా చెప్పరు. డబ్బాలో కార్బైడ్ ముక్క పడుతుంది. బూడిద రంగు రాయిలాగా ఉంటుంది, వెల్డింగ్ షాపులో వాడేదే. ఒకప్పుడు మామిడికాయలు మగ్గబెట్టడానికి వాడేవాళ్ళు, పండ్లకు వాడొద్దని ప్రభుత్వం నిషేధం పెట్టిన రాయి ఇదే. దాని మీద నీటి చుక్కలు పడగానే బుసబుసమని పొంగి గ్యాస్ వస్తుంది. దాని పేరు అసిటిలీన్. వెల్డింగ్ మంట మండేది దానితోనే. మూత బిగించి లైటరు నొక్కితే లోపలి గ్యాస్ ఒక్కసారి అంటుకుని పైపు మూతి నుంచి పేలుతుంది. గుండు ఉండదు, చప్పుడే. కానీ ఆ చప్పుడు పటాకుల చప్పుడు కాదు. మొదటిసారి పేల్చినప్పుడు కొట్టం రేకులు గలగలమన్నాయి, బోరు గట్టున పడుకున్న కుక్క రెండు రోజులు ఇంటికి రాలేదు.

వాడిన తర్వాత డబ్బాలో తెల్లటి ముద్ద మిగులుతుంది. అది సున్నమే, ఉత్త సున్నం. కడిగేటప్పుడు వేళ్ళ సందుల్లో మంట పుడుతుంది, నాకు చూపుడువేలు దగ్గర తోలు ఊడింది. ఇంకొకటి వాసన. కార్బైడ్ తడి తగిలితే కుళ్ళిన వెల్లుల్లి వాసన వస్తుంది. చేతికి, దుప్పటికి, పిల్లల యూనిఫాంకు అంటుకుంటే రెండు ఉతుకులకు కూడా పోదు. రాయిని గాలి తగలని డబ్బాలో పెట్టాలి, లేకపోతే మంచుకే పొడి అయిపోతుంది. మేము 250 గ్రాములు కొంటే అందులో పావు వంతు అట్లే పాడైంది. ఇవేవీ దుకాణంలో చెప్పలేదు. కాగితం లేదు, తయారు చేసినవాడి పేరు లేదు, బిల్లు మీద "వ్యవసాయ పరికరం" అని రాసి ఇచ్చారు.

పందుల మీద ఎలా పనిచేసిందంటే, మొదటి మూడు వారాలు బ్రహ్మాండం. రాత్రి తొమ్మిదికి ఒకటి, పన్నెండుకు ఒకటి, తెల్లవారుజామున మూడింటికి ఒకటి పేలిస్తే మా మూడెకరాలకే కాదు, పక్క చేను వాళ్ళకు కూడా పంది రాలేదు. విత్తిన గింజ అంతా మొలిచింది. ఆ నెల ఎవరైనా అడిగితే 5కి 5 ఇచ్చేదాన్ని. కార్తీకం సగమయ్యేసరికి అవి లెక్క నేర్చుకున్నాయి. చప్పుడు వినగానే గట్టు దాటి ఆగుతాయి, పావుగంట చూస్తాయి, ఇంకో చప్పుడు లేకపోతే మళ్ళీ దిగుతాయి. అప్పటికి ఊర్లో ఇరవై ఇళ్ళల్లో ఇదే తుపాకి ఉంది. రాత్రంతా ఎవరో ఒకరు పేలుస్తూనే ఉండేవాళ్ళు. మనుషులు ఉలిక్కిపడుతున్నారు, పందులు ఉలిక్కిపడటం మానేశాయి. కాయ పట్టే సమయానికి మా చేనులో ఎనిమిది గుంటలు పోయింది. కోతులకు మాత్రం ఇప్పటికీ పనిచేస్తుంది. కోతి పగలు వస్తుంది, దాన్ని చూసి కొడతాం కాబట్టి కావచ్చు.

ఇప్పటిదాకా రాసింది వస్తువు గురించి. అసలు చెప్పాల్సింది దాన్ని ఎవరు పేలుస్తారనేది.

కొనేటప్పుడు "ఇది నాకు వస్తదా?" అని అడిగితే దుకాణం సేటు నవ్వాడు. "అమ్మా, చిన్నపిల్లలు పేలుస్తున్నరు, మీకెందుకు రాదు" అన్నాడు. పక్కన మా పెద్దోడు ఉన్నాడు. సేటు దాన్ని వాడి చేతిలోనే పెట్టి చూపించాడు, నా చేతిలో కాదు. ఆ రోజు నుంచి అది వాడిదైంది. నిజం చెప్పాలంటే నాకూ సులువే అనిపించింది. పగలంతా కలుపు, నీళ్ళు, వంట, సంఘం మీటింగు. రాత్రి మూడింటికి లేవడం నా వల్ల అయ్యేది కాదు. వాడు మాత్రం అలారం మోగకముందే లేచేవాడు. పేల్చి వచ్చి, చెల్లెలి మీద దుప్పటి సరిచేసి, పడుకునేవాడు. "నాయన లేడు కదా, నేను చూస్త" అనేవాడు. ఆ మాటకు నేను మురిసిపోయాను కూడా. వాడి తరగతిలో ఆరుగురు మగపిల్లలు, ఒక ఆడపిల్ల రాత్రి చేను కావలి ఉండి పొద్దున బడికి వచ్చేవాళ్ళే. ఎవరిది ఎక్కువ దూరం వినిపించిందని పందెం వేసుకునేవాళ్ళు. మొదటి పీరియడ్‌లో వీళ్ళంతా నిద్రపోతున్నారని టీచరమ్మ చెప్పి పంపింది.

పిల్లలు చేను కాయడం కొత్త కాదు. మా మామ ఉన్నప్పుడు చెప్పేవాడు, తొమ్మిదేళ్ళకే మంచె ఎక్కి జొన్నచేనుకు వడిసెల తిప్పానని. వడిసెల రాయి తగిలితే పిట్ట చచ్చేది, తగలకపోతే రాయి పోయేది, అంతే. ఆ కాలంలో నాటు తుపాకులు కూడా ఉండేవట, మందు కూరి పేల్చేవి. మా మామను వాళ్ళ నాయన దాని దగ్గరికి రానిచ్చేవాడు కాదట, అది అటక మీద ఉండేదట. ఇప్పుడు నాటు తుపాకి లైసెన్సు లేకుండా దొరికితే కేసు, జైలు. ఆయుధాల చట్టం ప్రకారం తుపాకి దగ్గర పెట్టుకోవాలంటే 21 ఏళ్ళు నిండాలి, పంట కాపలాకు లైసెన్సు అడిగినా వయసు అదే. ఈ పైపుకు మాత్రం వయసు లేదు, అటక లేదు.

దీపావళికి మా ఇంటాయన ఫోన్‌లో ఒక వార్త చూపించాడు. భోపాల్‌లో, మధ్యప్రదేశ్‌లో ఇంకొన్ని ఊర్లలో ఇదే కార్బైడ్ గన్ పటాకుల్లాగా పేల్చి వందమందికి పైగా కళ్ళకు దెబ్బ తగిలి ఆసుపత్రుల్లో చేరారు. ఎక్కువమంది పిల్లలే. కొందరికి చూపు పోయింది. పేలలేదేంటని మూతిలోకి తొంగి చూసినప్పుడు పేలిందట. నేను వార్త మొత్తం విన్నాను. విని, అది ఆటకు వాడినోళ్ళ సంగతి, మనం పనికి వాడుతున్నాం కదా అనుకున్నాను. ఇది రాయడానికి ఇప్పుడు సిగ్గుగానే ఉంది.

సంక్రాంతికి నాలుగు రోజుల ముందు. బాగా మంచు పడుతోంది, ఐదు కూడా కాలేదు. అత్తమ్మ బయటికని టార్చి పట్టుకుని గట్టు దిక్కు పోయింది. అక్కడ రేగు చెట్టు, దాని పక్కన పెద్ద పుట్ట ఉంటాయి. నాకు నిద్రలో ఏదో చప్పుడు, సైకిల్‌కు గాలి కొడుతున్నట్టు, కొడుతూ మధ్యలో పీలుస్తున్నట్టు. ఈ చలిలో గాలి కొట్టేది ఎవరబ్బా అనుకుంటూ మళ్ళీ కళ్ళు మూశాను. పెద్దోడు లేచి కూర్చున్నాడు. "అమ్మా, గుడ్డెలుగే" అన్నాడు, అంటూనే పైపు పట్టుకుని ఉరికాడు.

నేను బయటికి వచ్చేసరికి అత్తమ్మ నిలబడిపోయి ఉంది. టార్చి వెలుగు నేల మీద పడి వణుకుతోంది. ఆమెకు నలభై అడుగుల అవతల పుట్ట దగ్గర నల్లటి ముద్ద. అది ఇంకా తల లోపలే పెట్టి చెదలు పీలుస్తోంది, మమ్మల్ని చూడలేదు. వీడు నాకంటే ముందు, అత్తమ్మకు పక్కగా పోయి నిలబడ్డాడు. "నాయినమ్మా, కదలకు" అని లైటరు నొక్కాడు. టిక్. మళ్ళీ టిక్. మంచుకు లైటరు తడిసింది, మెరుపు రావడం లేదు. వాడు మూత తిప్పి ఇంకో ముక్క వేశాడు, మళ్ళీ బిగించాడు. వెల్లుల్లి వాసన నా దాకా వచ్చింది. ఆ టిక్‌టిక్‌కు అది తలెత్తింది, వెనక కాళ్ళ మీద లేచింది. దాని రొమ్ము మీద తెల్లటి గీత టార్చి లేకున్నా కనిపించింది.

వీడు దాన్ని చూడటం లేదు. పైపును రెండు చేతులతో ఊపాడు, "పేలుతలేదే" అన్నాడు, మూతిని తన దిక్కు తిప్పుకున్నాడు. లోపల ఏమైందో చూద్దామని. బొటనవేలు ఇంకా లైటరు మీదే ఉంది.

నేను ఏం చేశానో నాకే సరిగ్గా తెలియదు. చేత్తో పైపును కొట్టాను. అది వాడి చెవి పక్క నుంచి పైకి లేచింది, అప్పుడే పేలింది. నీలం మంట, జానెడు పొడుగు. నా ముంజేతి మీద వెంట్రుకలన్నీ మాడిపోయాయి. వాడి చెంప మీద, కనురెప్ప మీద తెల్లటి సున్నం చిమ్మింది. గుడ్డెలుగు చప్పుడుకు పారిపోలేదు. ముందు మా దిక్కే నాలుగు అంగలు వేసింది. పల్లిలో పడి, ఒక్కసారి పెద్దగా గాండ్రించి, అడ్డంగా తిరిగి గుట్ట దిక్కు పోయింది. అత్తమ్మ అక్కడే కూలబడింది.

మోటారు వేసి, బోరు నీళ్ళ కింద వాడి ముఖం పట్టి, కన్ను తెరిచి అరగంట కడిగాను. వాడు చలికి వణుకుతున్నాడు, నేను వదలలేదు. ఆసుపత్రిలో డాక్టరు చూసి, అదే మంచిపని అన్నారు. సున్నం కంట్లో ఉంటే ఉన్నంతసేపూ తినేస్తూనే ఉంటుందట. చుక్కల మందు రాసిచ్చారు. కన్ను దక్కింది. రెప్ప వెంట్రుకలు మాత్రం ఒక దిక్కు లేవు. చెవిలో జుయ్యిమనే మోత ఐదు రోజులు ఉంది, ఆ ఐదు రోజులూ వాడు టీవీ పెద్దగా పెట్టుకుని చూశాడు. ఊర్లో మాత్రం వాడు గుడ్డెలుగును తరిమినోడైపోయాడు. దుకాణం ముందు నిలబెట్టి చెప్పించుకున్నారు. వాడు చెప్పే కథలో నేను పైపు కొట్టిన సంగతి ఉండదు.

తర్వాత అడవిలోని పెంట నుంచి, అంటే చెంచుల గూడెం నుంచి, మా ఊరికి తేనె అమ్మడానికి వచ్చే చెంచు తాతను అడిగాను, గుడ్డెలుగుకు ఇది పనిచేస్తుందా అని. ఆయన పైపును చేతిలో అటూ ఇటూ తిప్పి చూసి కింద పెట్టాడు. "అది తిండిలో ఉంటే దానికి లోకం వినిపియ్యది. దగ్గరికి పోయి ఉలిక్కిపడేస్తే ముందు మీద పడతది, తర్వాత ఆలోచిస్తది. దూరం నుంచే తెలిసేటట్టు నడవాలె" అన్నాడు. వాళ్ళు అడవిలో నడిచేటప్పుడు దగ్గుతూ, మాట్లాడుకుంటూ, కట్టె నేలకు కొట్టుకుంటూ పోతారు. గుడ్డెలుగుకు మనం వస్తున్నట్టు తెలిస్తే అదే తప్పుకుంటుంది. పుట్ట దగ్గర ఉన్నదాన్ని వదిలేసి మెల్లగా వెనక్కి రావాల్సిందట. మా వాడు నాయినమ్మను పిలుచుకుని వెనక్కి వచ్చి ఉంటే ఏమీ అయ్యేది కాదు. నాకే తెలియనిది వాడికి నేనేం చెప్తాను.

ఫారెస్టు బీటాయన కూడా వచ్చి చూశాడు, అడుగులు ఫొటో తీసుకున్నాడు. గుడ్డెలుగు, చిరుత వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూలులో, అంటే గట్టి రక్షణ ఉన్న జాబితాలో ఉన్న జంతువులు, వాటిని చంపితే పెద్ద కేసు, ప్రాణం మీదికి వచ్చి తప్పక కొడితే అది వేరు అని చెప్పాడు. పందులకు అయితే పంట నష్టానికి దరఖాస్తు పెట్టుకోవాలి, మరీ ఎక్కువైతే అనుమతి ఉన్న షూటర్లు వస్తారు, మీరు మీరే ఏదీ చేయొద్దు అన్నాడు. మా ఎనిమిది గుంటలకు ఫొటోలతో దరఖాస్తు పెట్టాను. పైపు తుపాకి గురించి అడిగితే, "పిల్లగాడికి ఎందుకిచ్చినవమ్మా" అన్నాడు. అంతకంటే ఏం అంటాడు.

మరి దీని బదులు ఏమిటి అని అడుగుతారు. కరెంటు తీగ మాత్రం కాదు. మా మండలంలోనే కాదు, నల్లగొండ దిక్కు కూడా పందుల కోసం పెట్టిన తీగ తగిలి మనుషులే పోతున్నారు, పెట్టినవాళ్ళు కూడా. చేను చుట్టూ తీగకు చిన్న షాక్ ఇచ్చే సోలార్ జట్కా మిషన్ వేరు. అది ఒక్క క్షణం కొట్టి వదులుతుంది, పట్టుకోదు. పక్క చేను వాళ్ళు మిషను, ప్యానెలు, బ్యాటరీ, తీగ, కట్టెలు అన్నీ కలిపి 14,000 దాకా పెట్టారు. వాళ్ళకు ఈ యాసంగి ఒక్క గుంట కూడా పోలేదు. గడ్డి పెరిగి తీగకు తగిలితే దెబ్బ తగ్గుతుంది, వారానికోసారి గట్టు చెక్కాలి, ఆ పని మాత్రం ఉంది. రాజేంద్రనగర్ వ్యవసాయ యూనివర్సిటీ వాళ్ళు చెప్పే ఇంకో పద్ధతి, పల్లి చుట్టూ నాలుగు సాళ్ళు కుసుమ వేయడం. కుసుమ ముండ్లకు పంది ముట్టె పెట్టలేదు. విత్తనం ఖర్చు తక్కువే, పైగా కుసుమ గింజ అమ్ముకోవచ్చు. కాకపోతే పల్లితో పాటే వేయాలి, పందులు వచ్చాక గుర్తుకొస్తే లాభం లేదు. వచ్చే ఏడు కుసుమ వేస్తాను. జట్కా మిషను, సంఘం నుంచి అప్పు దొరికితే.

నా రేటింగు 5కి 1. ఆ ఒక్కటి కూడా కోతులకు, మొదటి మూడు వారాలకు. వద్దన్నా కొనేవాళ్ళు ఉంటారని తెలుసు, రాత్రి పంది దిగితే ఈ మాటలు ఎవరికీ గుర్తు రావు. కొంటే పెద్దవాళ్ళే పట్టుకోండి. కళ్ళకు రక్షణగా తెల్ల అద్దాలు పెట్టుకోండి, 60 రూపాయలకు దొరుకుతాయి. పేలకపోతే కింద పెట్టి దూరం జరగండి, మూతిలోకి చూడొద్దు, రెండో ముక్క వేయొద్దు. రాళ్ళ డబ్బాకు తాళం వేయండి.

తిరిగి ఇవ్వడానికి పోయినప్పుడు సేటు గొణిగాడు కానీ 150 ఇచ్చాడు. లైటరు మాత్రం ఊడదీసుకుని ఇచ్చాను, అది ఇప్పుడు మా పొయ్యి దగ్గర ఉంది, పాతదాని కంటే బాగా వెలుగుతోంది. మిగిలిన కార్బైడ్ కూడా అక్కడే అప్పజెప్పాను. వారం తర్వాత పెద్దోడి బ్యాగు సర్దుతుంటే వెల్లుల్లి వాసన వచ్చింది. జామెట్రీ డబ్బాలో, చాక్లెట్ కాగితంలో చుట్టి, రెండు ముక్కలు. ఎందుకురా అంటే, "నాయినమ్మ ఒక్కతే పోతది కదా గట్టుకు" అన్నాడు. పైపు లేకుండా వీటితో ఏం చేస్తావురా అంటే జవాబు చెప్పలేదు. ఆ రెండు ముక్కలు కూడా తీసుకుపోయి ఇచ్చాను. సేటు తూకం వేయలేదు, వేలితో డబ్బాలోకి తోసేశాడు. పక్కనే ఇంకొక ఆమె పిల్లగాణ్ణి వెంటబెట్టుకుని గుమ్మం దగ్గర పైపులు చూస్తోంది. వాడిది మా వాడి కంటే చిన్న వయసు. వాళ్ళమ్మతో మాట్లాడి, జట్కా మిషన్ పెట్టిన మా పక్క చేను వాళ్ళ ఫోన్ నంబరు ఇచ్చి వచ్చాను.